సముద్రం పక్కన భోజనం: మీ ప్రశ్నలు, నా జవాబులు

గత సంచికలో చేపల పులుసు గురించి రాస్తూ, సముద్రం ఒడ్డున హోటళ్లలో మీరు తిన్న భోజనాల సంగతులు, సందేహాలు రాసి పంపమన్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం గురించే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి సముద్రం అనగానే ముందు గుర్తొచ్చేది అదే కదా. నేను పుట్టింది భీమిలిలో. ఉద్యోగం చేసింది విశాఖ బీచ్ రోడ్డులో ఒక హోటల్లో, సరుకులు కొనే విభాగంలో. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలం పాడి చేపలు తేవడం నా పని. ఇప్పుడు పద్మారావునగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కింద రాసిన జవాబుల్లో చాలావరకు ఆ హార్బర్లో, ఆ వంటింట్లో నేర్చుకున్నవే.

ప్రశ్న: అమ్మా, మా అమ్మానాన్నల పెళ్లై 40 ఏళ్లు నిండుతున్నాయి. జనవరిలో విశాఖ తీసుకెళ్తున్నాం. ఒక పూట సముద్రం కనిపించే పెద్ద హోటల్లో భోజనం పెట్టించాలని ఉంది. నాన్నగారికి చేప అంటే ప్రాణం. కానీ ఇంతకుముందు ఒకసారి బీచ్ హోటల్లో తింటే చేప చప్పగా ఉంది, రొయ్యలకి రుచే లేదు. బిల్లు చూసి మాత్రం గుండె గుభేలుమంది. ఈసారి అలా జరగకుండా ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నాన్నగారి కోసం మీరు ఇంత ఆలోచిస్తుంటే ఆ భోజనం బాగా జరగాలని నాకూ అనిపిస్తోందమ్మా. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

హోటల్ సముద్రానికి ఎదురుగా ఉన్నంత మాత్రాన దాని వంటింట్లోకి ఆ సముద్రపు చేపే వస్తుందని అనుకోకండి. పెద్ద హోటళ్లకి సరుకు కాంట్రాక్టర్లు సరఫరా చేస్తారు. మెనూ ఏడాది పొడుగునా మారదు కాబట్టి, ఏడాది పొడుగునా ఒకే సైజులో దొరికే సరుకే వాళ్లకి కావాలి. అలా దొరికేవాటిలో ముందుండేవి బాసా చేప, వనామీ రొయ్య. బాసా చెరువుల్లో పెంచే మంచినీటి చేప. ముల్లు తీసేసిన ముక్క తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. మెనూలో చేప పేరు రాయకుండా ఫిష్ ఫింగర్స్ అనో, గ్రిల్డ్ ఫిష్ విత్ లెమన్ బటర్ అనో ఉంటే చాలాసార్లు వచ్చేది అదే. వనామీ పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. మన దేశంలో దాన్ని పెంచడానికి 2009లో అనుమతి వచ్చింది. ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి విదేశాలకి వెళ్తోంది. ఈ రెండూ తినకూడనివి కావు. కానీ 600 కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి, అంత ఖర్చు పెట్టి, మీ కాలనీ సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికే ముక్కనే సముద్రం చూస్తూ తినడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అందులోనూ చేప రుచి తెలిసిన మనిషికి.

అందుకని ముందురోజే ఫోన్ చేయండి. రిసెప్షన్‌తో మాట్లాడి ఊరుకోకుండా రెస్టారెంట్ మేనేజర్‌కి లైన్ ఇమ్మని, “రేపు మధ్యాహ్నం ఇంతమందిమి వస్తున్నాం, హార్బర్ నుంచి రేపు ఉదయం ఏ చేప తెప్పించగలరు?” అని అడగండి. తెప్పించే అలవాటున్న హోటల్ అయితే “వంజరం రావచ్చు మేడమ్, చందువ దొరికితే తీసుకుంటాం, రేటు పొద్దున చెప్తాం” అంటారు. ఆ తటపటాయింపు మంచి గుర్తు. వేలంలో ఏం దొరుకుతుందో ముందురోజు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఆలోచించకుండా “అన్నీ ఉంటాయి మేడమ్” అన్నారంటే అవన్నీ ఫ్రీజర్‌లో ఉన్నాయని అర్థం.

హార్బర్ చేప అంతా ఒకటి కాదన్న సంగతి కూడా తెలుసుకోండి. పెద్ద మరపడవలు రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాయి. మొదటి రోజు వలలో పడిన చేప చివరి రోజు దాకా ఐసులో ఉండి ఒడ్డుకి చేరుతుంది. చిన్న ఫైబర్ పడవలు రాత్రి వెళ్లి పొద్దున్నే తిరిగొస్తాయి. ఆ చేప పట్టి కొన్ని గంటలే అయి ఉంటుంది. నేను బుట్టలు దించగానే మా చెఫ్‌గారు ముందు అడిగేది చేప పేరు కాదు, “ఏ పడవది?” అనే. మీరూ అడగొచ్చు. అడిగేవాళ్లు వస్తే వంటింట్లో వాళ్లకీ ఉత్సాహంగా ఉంటుంది, ఇది నేను దగ్గరుండి చూశాను.

ఏం చేయించాలంటారా? వంజరం దొరికితే ముక్కలు వేపుడు. విశాఖలో దాన్ని కోనం అంటారు, ఆ పేరుతో అడిగినా ఇస్తారు. తెల్ల చందువ దొరికితే మొత్తంగా, తల తోక ఉంచి వేయించమనండి. మీ నాన్నగారు పాతకాలం రుచులు ఇష్టపడేవారైతే నెత్తళ్ల వేపుడు తప్పకుండా అడగండి. చాలా హోటళ్లలో నెత్తళ్లు స్టాఫ్ భోజనంలో ఉంటాయి గానీ మెనూలో కనిపించవు. చవక చేప కదా అని అతిథికి పెట్టరు. ముందురోజు చెప్తే సంతోషంగా చేసిపెడతారు. కరకరలాడేలా వేయించిన నెత్తళ్లు, వేడన్నం, పప్పుచారు ఉంటే ఇంకేం కావాలి.

పులుసు ఆర్డర్ చేస్తే ముల్లుతో, తలకాయతో సహా పెట్టమని మరీ మరీ చెప్పండి. అతిథులు ఇబ్బంది పడతారని హోటళ్లు ముల్లు తీసిన ముక్కలతో పులుసు పెడతాయి. ముల్లు, తల లేకపోతే పులుసుకి చిక్కదనం రాదు, చింతపండు రసంలో ముక్క తేలుతున్నట్టుంటుంది. అపోలో ఫిష్ మాత్రం వద్దు. అది మన హైదరాబాద్ రెస్టారెంట్లలో బాగా దొరికేదే, పైగా అంత కారం మసాలాలో ఏ చేపయినా ఒకేలా ఉంటుంది.

వండకముందు చేపని టేబుల్ దగ్గరికి తెచ్చి చూపించమనండి. అందులో అమర్యాద ఏమీ లేదు. కళ్లు తేటగా, కాస్త ఉబ్బి ఉండాలి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. కళ్లు లోపలికి పోయి తెల్లబడి, మొప్పలు గోధుమరంగుకి తిరిగి ఉంటే మొహమాటపడకుండా వద్దనండి.

వేళ గురించి కూడా చెప్తాను. రాత్రి భోజనం పెట్టుకోవద్దు, మధ్యాహ్నం పెట్టుకోండి. పొద్దున తెచ్చిన చేప మధ్యాహ్నానికి ఉన్నట్టు రాత్రికి ఉండదు. రాత్రి సముద్రం కూడా కనపడదు. మధ్యాహ్నం వంటవాళ్లకి ఒత్తిడి తక్కువ. పెద్దవాళ్లకి అరుగుదలకీ మంచిది. ఆర్కే బీచ్ వైపు చాలా హోటళ్లకీ సముద్రానికీ మధ్యలో బీచ్ రోడ్డు ఉంటుంది. కింది అంతస్తులో కూర్చుంటే మీకు ఆగి ఉన్న టూరిస్టు బస్సులు కనిపిస్తాయి. “మీ రెస్టారెంట్ ఎన్నో అంతస్తు, కూర్చుంటే నీళ్లు కనిపిస్తాయా, నిలబడితేనా?” అని సూటిగా అడగండి. ఆరుబయట టెర్రస్ మీద గాలి ఎక్కువ. పళ్లెంలోకి వచ్చిన వేపుడు నాలుగు ముద్దలు తినేలోపే చల్లారిపోతుంది, పెద్దవాళ్లకి చెవుల్లో హోరు. కిటికీ పక్కన లోపలి టేబులే మేలు.

ప్రశ్న: ఆంటీ, పెళ్లయ్యాక మొదటిసారి నేనూ నా భార్యా విశాఖ వెళ్తున్నాం. సూర్యాస్తమయం చూస్తూ సముద్రం పక్కన డిన్నర్ చేయాలని తన కోరిక. ఎన్ని గంటలకి టేబుల్ బుక్ చేయాలి? – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: బాబూ, విశాఖకి సముద్రం తూర్పున ఉంది. అక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల వైపు దిగిపోతాడు. నీళ్లలో సూర్యుడు మునగడం చూడాలంటే గోవానో, గోకర్ణమో వెళ్లాలి. మీ ఆవిడకి ఈ సంగతి ముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక నిరాశపడకుండా.

అయితే మీరు అనుకున్నదానికంటే అందమైనది ఒకటి అక్కడ ఉంది. పౌర్ణమి చూసుకుని వెళ్లండి. ఆరోజు వెనక సూర్యుడు దిగే వేళకే ఎదురుగా సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. మొదట ఎర్రగా, పెద్దగా ఉండి, పైకి వచ్చేకొద్దీ తెల్లబడతాడు. నీళ్ల మీద మీ టేబుల్ దాకా వెలుగు దారి పడుతుంది. డిసెంబరులో విశాఖలో సూర్యాస్తమయం 5 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అవుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. చలికాలం అయితే 5 గంటలకే కూర్చోవాలి. హైదరాబాద్ అలవాటు ప్రకారం రాత్రి 8 గంటలకి వెళ్తే కిటికీ అద్దంలో మీ ముఖాలు, లోపలి లైట్లు తప్ప ఏమీ కనపడవు. దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలు చూడాలన్నా బయట కూర్చోవాలి, లేదా ఆ పక్క లైట్లు తగ్గించమని అడగాలి.

పౌర్ణమి కుదరకపోతే పొద్దున్నే లేవండి. సూర్యోదయం ఇసుకలో నిలబడి చూసి, ఆ తర్వాత హోటల్ కిటికీ పక్కన తీరిగ్గా టిఫిన్ తినండి. ఆ వేళకి జాలరిపేట పడవలు ఒడ్డుకి వస్తుంటాయి కూడా.

ప్రశ్న: అమ్మా నమస్కారం. నేను రిటైర్డ్ ఉద్యోగిని. బీచ్ హోటల్లో మెనూలో చేప ఎదురుగా ధర లేదు, ‘మార్కెట్ రేటు’ అని ఉంది. అడగడానికి మొహమాటపడి తిన్నాం. ఒక్క చేపకే రెండు వేలు దాటింది. పైన 18 శాతం పన్ను, సర్వీస్ చార్జి కూడా వేశారు. ఇదంతా న్యాయమేనా? – ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: అన్నయ్యగారూ, కొంత న్యాయం, కొంత కాదు. విడదీసి చెప్తాను.

మార్కెట్ రేటు అని రాయడంలో తప్పు లేదు. వేలం ధర రోజూ మారుతుంది. గాలివాన పట్టి పడవలు వెళ్లకపోతే ఒక్కరోజులో రెట్టింపు అవుతుంది. నేను కొన్నవే సోమవారం ఒక ధర, బుధవారం ఇంకో ధర. కానీ ఆరోజు ధర మీకు ముందే చెప్పడం వాళ్ల బాధ్యత. చాలాచోట్ల ధర 100 గ్రాములకి చెప్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. 100 గ్రాములకి 180 రూపాయలు అంటే తక్కువే అనిపిస్తుంది. చేప కిలో 200 గ్రాములు ఉంటే అది 2,160 రూపాయలు. పైగా ఆ తూకం పొట్ట, పొలుసు తీయకముందుది. అందుకని “ఈ చేప మొత్తానికి ఎంత అవుతుంది?” అని అడిగి, ఆ అంకె ఆర్డర్ చీటీ మీద రాయించుకోండి. ముగ్గురు నలుగురు ఉంటే కిలో లోపు చేప చాలు.

పన్ను విషయం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లకి జీఎస్టీ 18 శాతం. బయట మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. 4,000 రూపాయల భోజనానికి ఒకచోట 720, ఇంకోచోట 200 పన్ను పడుతుంది. అది చట్టం ప్రకారం వేసేదే, హోటల్ వాళ్లు జేబులో వేసుకునేది కాదు.

సర్వీస్ చార్జి అలా కాదు. అది మీ ఇష్టం. బలవంతంగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. “ఇది తీసేసి బిల్లు ఇవ్వండి” అని నెమ్మదిగా చెప్తే చాలు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ డబ్బు వడ్డించినవాళ్లకి చేరాలని మీకు ఉంటే వాళ్ల చేతికే ఇవ్వండి.

ధర అడగడానికి మొహమాటం మాత్రం ఇకముందు వద్దండి. హార్బర్‌లో కోటీశ్వరుడైనా ధర అడిగే కొంటాడు.

ప్రశ్న: సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక సముద్ర తీర హోటల్లో ‘గోదావరి పులస పులుసు’ అని బోర్డు చూశాం. ఖరీదెక్కువని తినలేదు. పొరపాటు చేశామా? – ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: లేదమ్మా, మంచి పనే చేశారు. పులస సంక్రాంతికి దొరకదు. జులైలో గోదావరికి వరద నీరు రావడం మొదలయ్యాక సముద్రంలోని ఇలస చేప గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట వైపు ఈదుకుంటూ వచ్చేకొద్దీ దాని రుచి మారుతుంది, అప్పుడే దాన్ని పులస అంటారు. సెప్టెంబరు దాటాక ఆ కాలం ముగిసిపోతుంది. జనవరిలో ఆ పేరుతో వడ్డించేది సముద్రపు ఇలసో, బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన చేపో, ఫ్రీజర్‌లో నెలల తరబడి దాచినదో అయి ఉంటుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత చెప్పి, ఆ మోజు మీద ధర పెంచుతారు.

పులస తినాలనుంటే ఆగస్టులో రాజమండ్రికో, యానాంకో వెళ్లండి. అక్కడ కూడా తెలిసినవాళ్ల ద్వారానే కొనండి. ఆరోజు వండినదానికంటే మర్నాటి పులుసు బాగుంటుంది. సన్న ముళ్లు చాలా ఎక్కువ, చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు జాగ్రత్త.

ప్రశ్న: పిల్లలకి మే నెలలోనే సెలవులు. ఆ ఎండల్లో విశాఖ వెళ్లి సముద్రపు చేపలు తినడం బాగుంటుందా? లేకపోతే దసరాకి వెళ్లమంటారా? – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సముద్రం కోసం అయితే మేలో వెళ్లండి. చేప కోసం అయితే వద్దు. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకీ మోటారు పడవలకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే సమయం అది. మా చిన్నప్పుడు ఇలాంటి నిషేధం లేదు. అది వచ్చాక ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్లలో గడవడం ఎంత కష్టమో తెలుసు. అయినా అది ఉండాల్సిందే. పొట్టనిండా గుడ్లున్న చేపని వలేసి లాగేస్తే మరుసటి ఏడాది వాళ్లకే వల ఖాళీగా వస్తుంది.

ఆ రోజుల్లో మోటారు లేని తెప్పల మీద తీరం దగ్గర పట్టిన చిన్న చేప కొంచెం దొరుకుతుంది, అది హోటళ్ల దాకా రాదు. హోటల్లో వంజరం అంటే ఏప్రిల్‌కి ముందు పట్టి ఫ్రీజ్ చేసినదే. కాబట్టి మేలో వెళ్తే చెరువు సరుకునే మనస్ఫూర్తిగా తినండి. పెంచిన పండుగప్ప చాలా మంచి చేప. రొయ్యలు చింతచిగురుతో వండమనండి, ఆ కాలంలోనే చిగురు దొరుకుతుంది. లేదా పచ్చి మామిడికాయ వేసి వండమనండి. పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. మన హైదరాబాద్‌లో మృగశిర కార్తెకి, అంటే జూన్ 8 ప్రాంతంలో, రామ్‌నగర్ మార్కెట్ కిక్కిరిసిపోతుంది కదా, అప్పటికి సముద్రం మీద నిషేధం ఇంకా ఎత్తేయరు. ఆరోజు మనం తినే కొరమీను, రవ్వ చెరువుల్లోవే. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదంలో వాడేదీ కొరమీను పిల్లే.

దసరా మంచి కాలమే గానీ అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. ఆ నెలల్లో వెళ్తే డబ్బు వెనక్కి వచ్చేలా గది బుక్ చేసుకోండి, తుపాను హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్ని విధాలా హాయి.

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. అందరం కలిసి భీమిలి వైపు వెళ్లి రిసార్ట్‌లో రెండు రోజులు ఉండాలనుకుంటున్నాం. తనకి సముద్రపు చేప పెట్టొచ్చా? ప్రసవం అయ్యాక పాలు పడాలని సొరపుట్టు, అంటే సొరచేపతో చేసే పొడికూర, పెడతారు కదా, అదీ చెప్పండి. – ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: వదినగారూ, చేప పెట్టొచ్చు, మంచిది కూడా. ఏ చేప అన్నది చూడాలి. సముద్రంలో పెద్ద చేప చిన్న చేపని తింటుంది కాబట్టి, పెద్దవాటి ఒంట్లో పాదరసం పోగవుతుంది. అది కడుపులో బిడ్డ మెదడుకి మంచిది కాదు. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు, రొయ్యలు ఈ విషయంలో భయం లేనివి. పెద్ద వంజరం ముక్కలు తనకి ఎక్కువగా పెట్టకండి. ఏదైనా బాగా ఉడికి ఉండాలి. బఫేలో గంటల తరబడి బయట ఉన్నది వద్దు, అప్పటికప్పుడు వేడిగా చేయించండి.

సొరపుట్టు సంగతి రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. మా అమ్మ నాకు పెట్టింది, మా ఊళ్లో బాలింతలందరికీ పెడతారు. కానీ సొర వేటాడి తినే చేప, దాని ఒంట్లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కూడా చెబుతోంది. అదే వెల్లుల్లి, అల్లం, మిరియం వేసి చిన్న చేపలతో చేసిపెట్టండి. మీ డాక్టర్‌ని కూడా ఒక మాట అడగండి.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. రొయ్యలు తింటే పెదాలు వాస్తాయి. బీచ్ హోటల్‌కి వెళ్తే వాడు చేప తినొచ్చా? నాకు ఒకటే టెన్షన్. – ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: రొయ్య పడనివాళ్లకి చాలామందికి పీత కూడా పడదు, రెండూ ఒకే జాతివి. చేప వేరు. రొయ్య పడకపోయినా చేప పడొచ్చు. కానీ అది మీ డాక్టర్ పరీక్ష చేసి చెప్పాలి, హోటల్లో ప్రయోగం చేయకండి. డాక్టర్ సరేనన్నా, సీఫుడ్ హోటల్లో ఒక ప్రమాదం ఉంది. రొయ్యలు వేయించిన నూనెలోనే చేప వేయిస్తారు, బంగాళాదుంప కూడా వేయిస్తారు. కాబట్టి వెయిటర్‌కి చెప్పి ఊరుకోకుండా చెఫ్‌ని పిలిపించి, “బాబుకి రొయ్య అలర్జీ, వేరే పెనం మీద, కొత్త నూనెతో చేయగలరా?” అని అడగండి. కుదరదంటే వాడికి పెరుగన్నం పెట్టించండి. కొన్ని కూరల్లో రుచి కోసం రొయ్యపొట్టు వేస్తారు, అదీ అడగాలి. పెదాలు వాచి, ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. డాక్టర్ ఇంజెక్షన్ రాసిచ్చి ఉంటే అది మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి, గదిలో కాదు.

ప్రశ్న: విశాఖ దాకా వెళ్లే సెలవు, డబ్బు రెండూ లేవు. హైదరాబాద్‌కి దగ్గర్లో సముద్రం, చేప దొరికే చోటు చెప్పండి. – ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: బాపట్ల దగ్గర సూర్యలంక. ఇక్కడి నుంచి సుమారు 320 కిలోమీటర్లు, విశాఖకి సగం దూరం. శుక్రవారం రాత్రి బయలుదేరితే శనివారం పొద్దున ఇసుక మీద ఉంటారు. పెద్ద హోటళ్ల హంగులు ఉండవు, ఒడ్డున చేప వేయించి పెట్టే చిన్న దుకాణాలు ఉంటాయి. నూనె నల్లగా ఉందో లేదో చూసి తినండి. అలలు మాత్రం నమ్మదగ్గవి కావు, పిల్లల్ని లోపలికి పోనివ్వకండి.

ప్రశ్న: మా నాన్నకి పీతలంటే చాలా ఇష్టం. ఊళ్లో చేత్తో తినడమే అలవాటు. స్టార్ హోటల్‌కి తీసుకెళ్తే చెంచాలు, ఫోర్కులు చూసి పీత వద్దనేశాడు. ఫొటోకి బాగుంటుందని సముద్రం ముందు కూర్చోబెట్టాం గానీ ఆయన సరిగ్గా తిననే లేదు. నాకు చాలా బాధేసింది. మళ్లీ తీసుకెళ్లాలి, ఏం చేయను? – ఒక పాఠకుడు, బోరబండ

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివి మీ నాన్నగారికి ఒక్కసారి నా చేత్తో పీతల ఇగురు వండి పెట్టాలనిపించింది.

పీతని ప్రపంచంలో ఎక్కడైనా చేత్తోనే తింటారు. ఫోర్కుతో పీత తినడం ఎవరికీ రాదు. మా హోటల్‌కి వచ్చే విదేశీయులు చొక్కా చేతులు పైకి మడిచి, డెక్కలు నోట్లో పెట్టుకుని చప్పరించేవారు. అది మీ నాన్నగారికి చెప్పండి. ఇంకా మంచి పద్ధతి, ముందు మీరు మొదలుపెట్టండి. మీరు ఫోర్కు పక్కన పెట్టి చేత్తో అన్నం కలిపితే ఆయన సంకోచం పోతుంది. ఎవరైనా చూస్తారేమో అన్న భయం ఉంటే మూలనున్న కిటికీ టేబుల్ అడగండి, అక్కడి నుంచే సముద్రం బాగా కనిపిస్తుంది కూడా.

పీతని ఎంచడం ఆయనకే వదిలేయండి, ఊళ్లో పెరిగిన మనిషికి చెప్పక్కర్లేదు. మీకు తెలియడం కోసం: సైజు చూసి కాదు, చేతిలో బరువు చూసి తీసుకోవాలి. కొత్తగా పెంకు మార్చుకున్న పీత పెద్దగా కనిపిస్తుంది గానీ లోపల కండ ఉండదు, నీళ్లే. మడ పాయల్లో దొరికే మండపీతకి కండ ఎక్కువ, దాని డెక్కలే ఒక మనిషికి చాలు. బటర్ గార్లిక్ అనో, చిల్లీ క్రాబ్ అనో అంటే ఆయన రెండోసారి కూడా వద్దంటారు. ఇగురు పెట్టమనండి, ధనియాలు, మిరియాలు, కొంచెం గసగసాలు వేసి, అన్నంలో కలిపేటంత గుజ్జుతో. డెక్కలు వంటింట్లోనే రోకలితో ఒక దెబ్బ వేసి పగలగొట్టి తెమ్మని చెప్పండి, పెద్దవాళ్ల పళ్లకి కష్టం కాకుండా. పక్కన పెంకులు వేసుకోవడానికి ఒక ఖాళీ గిన్నె, రెండు మూడు గుడ్డ న్యాప్‌కిన్లు ముందే పెట్టించండి. అన్నం సన్న బియ్యంతో మెత్తగా వండినది కావాలని చెప్పకపోతే బాస్మతి తెచ్చేస్తారు, దాంట్లో ఇగురు కలవదు. తినడం అయ్యాక నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీళ్లు రెండుసార్లు అడగండి, ఒక్కసారికి పీత వాసన పోదు. ఆయన తీరిగ్గా తినాలి కాబట్టి ఆ పూట ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి.